పైన నాలుగు చిల్లులే కదా అంటున్నారు – గర్భసంచి ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి 6వ రోజు

పున్నాగ_బెజవాడ
మే 3, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు, సత్యనారాయణపురంలో ఉంటాం. ఆరు రోజుల క్రితం ల్యాప్రోస్కోపీలో (చిన్న చిల్లులు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసేది) గర్భసంచి తీశారు. ఫైబ్రాయిడ్ గడ్డలు, మూడేళ్ళుగా నెలకి పది పన్నెండు రోజులు బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 7కి పడిపోతే రక్తం ఎక్కించాక గానీ ఆపరేషన్ చేయలేదు. ట్యూబులు కూడా తీశారు, ఓవరీలు (అండాశయాలు) ఉంచారు. మూడో రోజే ఇంటికి పంపించేశారు.

బొడ్డు దగ్గర ఒకటి, పొట్ట మీద మూడు, మొత్తం నాలుగు చిన్న కుట్లు. ఒక్కోటి వేలి గోరంత ఉంటుందేమో. అవి చూసి మా ఇంట్లో అందరూ నాకు ఏమీ కాలేదనుకుంటున్నారు. మా అత్తగారు చెడ్డావిడ కాదు, నన్ను బాగానే చూసుకుంటారు. కానీ 30 ఏళ్ళ క్రితం ఆవిడకి పొట్ట కోసి చేశారు, మూడు నెలలు మంచం దిగలేదట, అందుకని "నీది చిల్లుల ఆపరేషనే కదమ్మా, నాలుగో రోజు నుంచి అన్నీ చేసుకోవచ్చంట" అంటారు. నిన్న మంచినీళ్ళ టిన్ను వచ్చింది, 20 లీటర్లది. ఇంట్లో ఎవరూ లేరు, నేనే గుమ్మంలోంచి వంటింట్లోకి జరిపాను. ఎత్తలేదు, జరిపాను అంతే. రాత్రి నుంచి కింద బరువుగా లాగుతోంది, ప్యాడ్ మీద ఎర్రగా రూపాయి బిళ్ళంత కనిపించింది. భయంతో నిద్ర పట్టట్లేదు. ఇంకోటి, కుడి భుజం ఒకటే నొప్పి. కోసింది పొట్ట అయితే భుజం ఎందుకు నొప్పి పుడుతుందో నాకు అర్థం కావట్లేదు, గుండెకి సంబంధించిందేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

ఈ ఆపరేషన్ అయినవాళ్ళు ఇంట్లో మొదటి ఆరు వారాలు ఎలా గడిపారో చెప్పండి. నెలాఖరుకి ఆవకాయ పెట్టాలంటున్నారు మా ఇంట్లో.


గుంటూరు_టీచరమ్మ
మే 4, ఉదయం 5:50

పున్నాగ గారూ, ముందు ఆ టిన్ను జోలికి మళ్ళీ వెళ్ళకండి. నేను మూడేళ్ళ క్రితం చేయించుకున్నాను, అరండల్‌పేటలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెప్తాను. నాకూ అచ్చం మీలాగే జరిగింది. నాది టిన్ను కాదు, తడిబట్టల బకెట్. పన్నెండో రోజున డాబా మీదికి మోసుకెళ్ళాను. ఆ సాయంత్రం నుంచి బ్లీడింగ్ ఎక్కువై మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి మూడు రోజులు ఉండాల్సి వచ్చింది. లోపలి కుట్టు దగ్గర రక్తం గూడు కట్టిందన్నారు. నేను అంతకుముందు రోజు వరకు ఎంత బాగున్నానంటే, సెలవు పెట్టి దండగ చేశానని కూడా అనుకున్నాను. ఈ ఆపరేషన్‌లో ఉన్న చిక్కే అది అండీ, వారం పది రోజులకి మనకి బాగున్నట్టు అనిపిస్తుంది, అప్పుడే పనిలో దిగుతాం.

భుజం నొప్పి నాకూ నాలుగు రోజులు ఉంది. అది గ్యాస్ అని చెప్పారు, మన పొట్టలో ఉండే గ్యాస్ కాదు, ఆపరేషన్‌కి వాళ్ళు నింపే గ్యాస్. వివరం తెలిసినవాళ్ళు చెప్తారు.


వార్డు_నర్సక్క
మే 4, ఉదయం 9:15

గైనిక్ వార్డులో 22 ఏళ్ళు చేశాను, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో కొన్నాళ్ళు, తర్వాత ప్రైవేటులో. డాక్టర్‌ని కాను, చూసింది చెప్తాను. మీ డాక్టర్ మాటే చివరి మాట.

భుజం సంగతి. ల్యాప్రోస్కోపీ చేసేటప్పుడు లోపల చోటు కనిపించడానికి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, బెలూన్‌లా ఉబ్బుతుంది. ఆపరేషన్ అయ్యాక చాలావరకు తీసేస్తారు గానీ కొంచెం మిగిలిపోతుంది. అది పైకి వెళ్ళి ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం పొరని ఒరుసుకుంటుంది. ఆ పొరకీ భుజానికీ నరాల దారి ఒకటే కావడంతో నొప్పి భుజంలో తెలుస్తుంది. మామూలుగా రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా ఉంటుంది. ఒంట్లోకి ఇంకిపోయి దానంతట అదే పోతుంది. హాల్లో అటూ ఇటూ నడవడం, గోరువెచ్చని నీళ్ళు, భుజానికి వేడి కాపడం, ఇవే మందు. కానీ భుజం నొప్పితో పాటు ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, చెమటలు ఉంటే మాత్రం గ్యాసే కదా అని కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి. పైన కోసింది అర అంగుళం కూడా లేదు, నిజమే. లోపల తీసింది మాత్రం అప్పట్లో ఆవిడకి తీసిందే. గర్భసంచిని మెడతో సహా తీశాక యోని పైభాగం తెరుచుకుని ఉంటుంది, దాన్ని లోపల కుట్టి మూస్తారు. ఆ కుట్టు బయటికి కనపడదు, పెద్దగా నొప్పి కూడా పెట్టదు. పొట్ట మీది కుట్లు రెండు వారాల్లో మానిపోతే, ఆ లోపలి కుట్టు గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బరువు ఎత్తినా, జరిపినా, మోషన్‌కి ముక్కినా, గట్టిగా దగ్గినా ఒత్తిడి వెళ్ళి దాని మీదే పడుతుంది. అందుకే ఎత్తకపోయినా, జరిపినందుకే మీకు లాగింది.

రూపాయి బిళ్ళంత ఎరుపు, గోధుమరంగు మరకలు మామూలే. నాలుగైదు వారాల వరకు వస్తూ పోతూ ఉండొచ్చు, లోపలి కుట్లు కరిగేటప్పుడు ఉన్నట్టుండి కాస్త ఎర్రగా కూడా కనిపిస్తుంది. గంటకి ఒక ప్యాడ్ నిండిపోతున్నా, గడ్డలు పడుతున్నా, కింద నుంచి నీళ్ళలాగా కారుతూనే ఉన్నా, దుర్వాసన వచ్చినా అది మామూలు కాదు. ఇవాళ ఒకసారి మీ ఆసుపత్రికి ఫోన్ చేసి టిన్ను జరిపిన సంగతి దాచకుండా చెప్పండి. తిడతారని చాలామంది చెప్పరు, చెప్పాలి.


కృష్ణలంక_కోడలు
మే 4, మధ్యాహ్నం 2:30

నర్సక్కా, మాకు ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితం మీద "బరువులు ఎత్తరాదు" అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. ఎంత బరువు? ఎన్నాళ్ళు? చంటిపిల్లాడిని ఎత్తుకోవచ్చా? మా అక్కకి అయ్యి 15 రోజులు, మనవడు ఏడాదిన్నర వాడు, ఎత్తుకోమని ఏడుస్తాడు.


వార్డు_నర్సక్క
మే 4, సాయంత్రం 6:05

మామూలుగా నాలుగు కిలోలు దాటొద్దు అంటారు, ఆరు వారాలు. ఆడవాళ్ళకి కిలోలు చెప్తే తెలియదు, వస్తువులు చెప్పాలి. రెండు లీటర్ల నీళ్ళ సీసా పర్లేదు. నీళ్ళు నిండిన బిందె 10 నుంచి 15 కిలోలు, వద్దు. గ్యాస్ బండ ఖాళీది కూడా దాదాపు 15 కిలోలు, నిండుది 29 దాటుతుంది, దాన్ని పక్కకి దొర్లించడం కూడా వద్దు. ఐదు లీటర్ల కుక్కర్ నిండా అన్నం ఉంటే వద్దు. గ్రైండర్ రాయి వద్దు. తడిబట్టల బకెట్ వద్దు, టీచరమ్మ చెప్పారుగా. ఏడాదిన్నర పిల్లాడు ఎంత లేదన్నా పది కిలోలు ఉంటాడు. మీ అక్క సోఫాలో కూర్చుంటే వాడిని ఎవరైనా తెచ్చి పక్కన కూర్చోబెట్టండి, అలా ఒళ్ళో ఆనించుకోవచ్చు. వంగి లేపడం మాత్రం వద్దు.


పటమట_అమ్మాయి
మే 4, రాత్రి 10:20

మా అమ్మ విషయంలో మేం చేసిన పొరపాటు చెప్తాను, వేరేవాళ్ళకి పనికొస్తుంది. పోయిన ఏడాది మే లోనే అయింది. పదకొండో రోజు ఒళ్ళు వేడిగా ఉంటే ఎండలకి అనుకున్నాం, విజయవాడ ఎండ మీకు తెలుసు కదా, రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఎవరికైనా ఒళ్ళు కాలుతుంది. మజ్జిగ ఇచ్చాం, తడిగుడ్డ వేశాం, పారాసెటమాల్ వేశాం, జ్వరం తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇలా మూడు రోజులు. థర్మామీటర్ పెట్టి చూడాలని నాకు తట్టలేదు, ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. మూడో రాత్రి చూస్తే 102. ఆసుపత్రి నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు, రాత్రికి రాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళాం. లోపల కుట్టు దగ్గర ఇన్‌ఫెక్షన్, చీము. ఐదు రోజులు యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించారు. అమ్మకి షుగర్ ఉంది, అది కూడా కంట్రోల్‌లో లేదు అప్పుడు.

దయచేసి ఒక థర్మామీటర్ కొనుక్కోండి. 100.4 దాటితే ఎండ అని సరిపెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త.


సత్తెనపల్లి_పిన్ని
మే 5, ఉదయం 7:10

మీరందరూ డాక్టర్ల మాటలు చెప్తున్నారు, పత్యం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఈ ఆపరేషన్ అయ్యాక బాలింత పత్యమే చేయాలి. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ గోంగూర దురద, గుడ్డు వేడి, పెరుగు చలవ చేసి కుట్లు నెమ్ముతాయి. వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం, పాత చింతకాయ పచ్చడి. నీళ్ళు కూడా లెక్కగా తాగాలి. చెవుల్లో దూది పెట్టుకోవాలి. మా అమ్మ, మా పిన్నులు ఇలాగే చేసి 80 ఏళ్ళు బతికారు.


గుంటూరు_టీచరమ్మ
మే 5, ఉదయం 8:30

పిన్నిగారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. నేను మీరు చెప్పిన పత్యమే రెండు వారాలు చేశాను, మా అమ్మ దగ్గరుండి చేయించింది. పప్పు లేదు, గుడ్డు లేదు, కూర లేదు, నీళ్ళు లెక్క. ఐదు రోజులు మోషన్ రాలేదు. ఆరో రోజు బాత్రూంలో ముక్కీ ముక్కీ కళ్ళు తిరిగి పడిపోయాను. ఆ నొప్పి ముందు ఆపరేషన్ నొప్పి ఏ పాటిది. పుండు మానాలంటే కండ కట్టాలి, కండ కట్టాలంటే పప్పూ గుడ్డూ పాలూ కావాలి. మన దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్ళలో చాలామంది అసలే రక్తం లేనివాళ్ళు, ఉన్న నాలుగు ముద్దలూ తీసేస్తే ఎలా చెప్పండి.


వార్డు_నర్సక్క
మే 5, ఉదయం 11:00

పప్పు తింటే చీము పట్టదు పిన్నిగారూ. చీము క్రిముల వల్ల పడుతుంది. కందిపప్పు, పెసరపప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ తినొచ్చు. మీరు చెప్పినదాంట్లో వేడన్నం, కాస్త నెయ్యి మంచిదే, నేనేం కాదనను. మొదటి వారం పొట్ట ఉబ్బరంగా ఉంటుంది కాబట్టి శనగపప్పు, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు తగ్గించుకోవాలి, అంతే.

మోషన్ గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. నొప్పి మాత్రల్లో కొన్ని పేగుల్ని మందగింపజేస్తాయి, పైగా ఐరన్ మాత్రలు గట్టిపరుస్తాయి, నలుపు రంగులో వస్తే కంగారు పడొద్దు, అది ఐరన్ వల్లే. రోజుకి రెండున్నర మూడు లీటర్ల నీళ్ళు, ఈ ఎండలకి ఇంకొంచెం ఎక్కువే (గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పిన లెక్కే తాగాలి). బొప్పాయి, జామ, ఆకుకూర, రాత్రి ఇసబ్గోల్ పొట్టు. రెండు రోజులు రాకపోతే డాక్టర్‌ని అడిగి లాక్టులోజ్ సిరప్ మొదలుపెట్టండి, ఐదో రోజు దాకా ఆగొద్దు. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో అద్దెకి కూడా ఇస్తారు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకండి, ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోండి.

చెవుల్లో దూది వల్ల నష్టం లేదు, పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. నీళ్ళు మాత్రం తగ్గించొద్దు. యూరిన్ పైపు పెట్టి తీసినవాళ్ళకి మంట, ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది.


సత్తెనపల్లి_పిన్ని
మే 5, మధ్యాహ్నం 1:15

నీళ్ళ మాట ఒప్పుకుంటాను. మా కోడలికి పోయిన నెలే అయింది, మూత్రంలో మంట అంటే నేనే నీళ్ళు తగ్గించమన్నాను. ఈ పూటే ఫోన్ చేసి చెప్తాను. గుడ్డు సంగతి ఆలోచిస్తా.


పున్నాగ_బెజవాడ
మే 5, రాత్రి 9:50

అందరికీ ఎంత చెప్పినా తక్కువే. ఆసుపత్రికి ఫోన్ చేశాను. రమ్మన్నారు, చూశారు, కుట్టు బాగానే ఉందన్నారు. గోధుమరంగులోకి మారింది మరక. భుజం నొప్పి కూడా సగం తగ్గింది.

నర్సక్క రాసింది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరోజు నాకు కుట్లు కనపడేవి కాబట్టి మీ మామగారు మంచం దగ్గరికి మంచినీళ్ళు తెచ్చేవారు" అన్నారు. అంతే అని వెళ్ళి పాలు కాచి తెచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు. ఈ మధ్య ఊరికే ఏడుపు వస్తోంది కూడా, ఇది మామూలేనా?


తెనాలి_అక్క
మే 5, రాత్రి 11:30

ఏడుపు మామూలే తల్లీ. మత్తు మందు, నొప్పి, నిద్ర లేకపోవడం, రక్తం తక్కువ, ఇవి చాలవా. దానికి తోడు పుట్టినప్పటి నుంచి మనతో ఉన్న అవయవం. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇంక అవసరం లేదు, అయినా తీసేశాక ఒకరోజు పొట్ట మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంట్లో ఎవరికైనా చెప్పుకోండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, దేని మీదా మనసు లేకపోతే డాక్టర్‌కి చెప్పండి, అదీ వైద్యమే.

నాది కొంచెం వేరే కథ. 43 ఏళ్ళకి ఓవరీలు కూడా తీశారు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) బాగా ముదిరింది. పున్నాగ గారికి ఓవరీలు ఉన్నాయి కాబట్టి నెలసరి రాకపోయినా హార్మోన్లు నడుస్తూనే ఉంటాయి, ముట్లుడిగే వయసు కాస్త ముందు రావచ్చునేమో గానీ రాత్రికి రాత్రి రాదు. నాకు వారంలోనే మొదలైంది. నడినెత్తి నుంచి పాదాల దాకా సెగ, ఒళ్ళంతా చెమట, రెండు నిమిషాల్లో చలి. తెనాలి ఎండలో అది ఎండ సెగో ఒంటి సెగో తెలిసేది కాదు. చుట్టాలందరూ "గర్భసంచి తీయించుకుంటే ఎముకలు అరిగిపోతాయి" అని భయపెట్టారు. ఎముకల్ని కాపాడేది గర్భసంచి కాదు, ఓవరీల నుంచి వచ్చే ఈస్ట్రోజన్. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే! నాకు ఈస్ట్రోజన్ మాత్రలు రాశారు, కాల్షియం, విటమిన్ డి కూడా. అందరికీ హార్మోన్లు సరిపడవు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళకి మామూలుగా ఇవ్వరు. కానీ అడగండి. చిన్న వయసులో ఓవరీలు తీసి హార్మోన్ సంగతి మాట్లాడకుండా పంపిస్తే ఊరుకోవద్దు. మీ డిశ్చార్జ్ కాగితంలో ఓవరీలు ఉంచారా తీశారా అని ఉంటుంది, చదివించుకోండి. తమకేం తీశారో తెలియని ఆడవాళ్ళని నేను మా వీధిలోనే నలుగుర్ని చూశాను.


మంగళగిరి_34
మే 6, ఉదయం 10:40

ఇదంతా చదువుతుంటే గుండె దడగా ఉంది. నాకు 34. ఇద్దరు పిల్లలు. బ్లీడింగ్ ఎక్కువ అవుతోందని వెళ్తే స్కాన్ చూసి, 3 సెంటీమీటర్ల గడ్డ ఉంది, పిల్లలు పుట్టేశారు కదా గర్భసంచి తీసేయించుకో, బాధ వదిలిపోతుంది, వచ్చే వారమే చేసేద్దాం అన్నారు. చేయించుకోవాలా?


వార్డు_నర్సక్క
మే 6, మధ్యాహ్నం 12:30

చెల్లీ, తొందరపడొద్దు. ఇంకో గైనకాలజిస్టుకి చూపించు, మొదటి ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళకి. 3 సెంటీమీటర్ల గడ్డకి, అది ఎక్కడుందో బట్టి, చాలా దారులు ఉన్నాయి. బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. థైరాయిడ్ పరీక్ష చేయించావా? దానివల్ల కూడా బ్లీడింగ్ పెరుగుతుంది. పున్నాగ గారికి అన్నీ అయ్యి, రక్తం 7కి పడిపోయాక చేశారు. అవసరమైనవాళ్ళకి ఇది ప్రాణం నిలబెట్టే ఆపరేషన్, నేను దానికి వ్యతిరేకిని కాను.

కానీ మన రాష్ట్రంలో ఇది మరీ ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు, దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకే. మనకి మిగతా దేశం కన్నా మూడింతల జబ్బులు ఉన్నాయా? లేవు. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద తీర్పు ఇచ్చి, కేంద్రం మార్గదర్శకాలని అమలు చేయాలని రాష్ట్రాలకి చెప్పింది. "పిల్లలు పుట్టేశారు కదా" అనేది ఆపరేషన్‌కి కారణం కాదు. ఆ మాట వార్డులో విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది, ఉద్యోగం కదా, నోరు మూసుకునేదాన్ని. ఇప్పుడు రిటైర్ అయ్యాను, చెప్తాను.


కొరిటెపాడు_అన్న
మే 9, రాత్రి 8:00

ఆడవాళ్ళ చర్చలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడకి జూన్ మొదటి వారంలో ఇదే ఆపరేషన్. నేను మిర్చి వ్యాపారం, యార్డుకి తెల్లవారుజామునే వెళ్ళాలి. ఇంట్లో మేమిద్దరం, ఇంటర్ చదివే అబ్బాయి. నేను ఏమేం చేయాలో చెప్పండి. వంట రాదు, నేర్చుకుంటాను.


గుంటూరు_టీచరమ్మ
మే 9, రాత్రి 9:10

అన్నయ్యగారూ, మీరు అడిగినందుకే సంతోషం. ఆపరేషన్‌కి ముందే ఇల్లు సర్దండి. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు అన్నీ నడుం ఎత్తులో పెట్టండి, కింద అరలోంచి వంగి తీసేలా ఉండకూడదు, అటక మీద అసలే వద్దు. మంచం ఎత్తుగా ఉండాలి, చాప మీద పడుకుంటే లేవడం నరకం. లేచేటప్పుడు నిటారుగా లేవకూడదు, పక్కకి ఒత్తిగిల్లి చెయ్యి ఊతంగా పెట్టుకుని లేవాలి, ఇది ఇప్పుడే ప్రాక్టీస్ చేయించండి. మొదటి రెండు వారాలు ఆవిడతో ఒక మనిషి ఉండాలి. రాత్రి పూట మీరు, పగలు అబ్బాయో చుట్టాలో.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు మిర్చి వ్యాపారం అన్నారు కాబట్టి. యార్డు నుంచి వచ్చాక ఆ బట్టలతో ఆవిడ గదిలోకి వెళ్ళకండి. ఘాటుకి ఒక్క తుమ్ము వస్తే పొట్టలో కత్తి దిగినట్టు ఉంటుంది. బయటే బట్టలు మార్చుకుని స్నానం చేసి వెళ్ళండి. మా ఇంట్లో పక్కవాటాలో మిరపకాయలు వేయిస్తే నేను దగ్గి దగ్గి చచ్చిపోయాను. దగ్గైనా తుమ్మైనా వచ్చేలా ఉంటే ఒక చిన్న దిండు పొట్టకి గట్టిగా అదుముకోవాలి. ఆ దిండు ఎప్పుడూ చేతికి అందేలా ఉంచండి. ఆసుపత్రి నుంచి తెచ్చేటప్పుడు కారు అయితే సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య అదే దిండు పెట్టండి. ఆటో వద్దు, మన గుంటూరు రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు తెలుసుగా.


వార్డు_నర్సక్క
మే 9, రాత్రి 10:00

టీచరమ్మ అన్నీ చెప్పారు. నేను మూడు మాటలు కలుపుతాను. పడుకోబెట్టి ఉంచొద్దు, మొదటి రోజు నుంచే నడిపించండి, గంటకోసారి ఐదు నిమిషాలు ఇంట్లోనే. మెట్లు మెల్లగా ఎక్కొచ్చు. కదలకుండా ఉంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, ఒక పిక్క వాచి నొప్పి ఉంటే వెంటనే చూపించాలి, పిసకొద్దు, నూనె రాయొద్దు. బీపీ, థైరాయిడ్ మాత్రలు ఉంటే డాక్టర్ ఆపమంటే తప్ప ఆపొద్దు.

మూడోది మగవాళ్ళకి ఎవరూ చెప్పరు, ఆడవాళ్ళు అడగరు. భార్యాభర్తలు కలవడం కనీసం ఆరు వారాలు, డాక్టర్ లోపల చూసి సరే అనేదాకా వద్దు. కొందరికి ఎనిమిది, పది వారాలు కూడా చెప్తారు. లోపలి కుట్టు విడిపోతే అది చాలా పెద్ద ప్రమాదం, పేగు కిందికి జారినవాళ్ళని చూశాను. అలా ఉన్నట్టుండి బ్లీడింగో నీరో వచ్చి కింద ఏదో బయటికి వచ్చినట్టు అనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. ఈ మాట మీరే ఇంట్లో ముందు అంటే ఆవిడకి మీతో చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.


కొరిటెపాడు_అన్న
మే 9, రాత్రి 10:25

అర్థమైంది అక్కా. చెప్తాను.


కృష్ణలంక_కోడలు
మే 18, ఉదయం 11:45

ఒక సందేహం. మా అక్కకి ఇంకా మరకలు కనిపిస్తున్నాయి, ఇంట్లో పూజగదిలోకి రానివ్వట్లేదు. బయట ఉన్నట్టు లెక్క అంటున్నారు. నెల నుంచి విడిగా చాప మీద పడుకుంటోంది. ఇది నెలసరేనా?


తెనాలి_అక్క
మే 18, మధ్యాహ్నం 12:20

నెలసరి రావడానికి గర్భసంచే లేదు కదమ్మా! అది కుట్టు మానుతూ వచ్చే మరక, వేలు తెగితే వచ్చేది ఏదో అదీ అదే. పూజ సంగతి మీ ఇంటి ఆచారం, నేను మాట్లాడను. చాప మీద నుంచి మాత్రం ఈ రోజే మంచం మీదికి మార్చండి, కింద నుంచి లేచిన ప్రతిసారీ కుట్టు మీద ఒత్తిడి పడుతుంది.


పున్నాగ_బెజవాడ
మే 27, రాత్రి 10:10

నెల అయింది. ఇవాళ ఆవకాయ పెట్టాం. నేను కుర్చీలో కూర్చుని కొలతలు చెప్పాను, మా ఆడపడుచు కలిపింది, ముక్కలు మార్కెట్లోనే కొట్టించుకొచ్చారు. కారం కలిపేటప్పుడు మా అత్తగారు నన్ను పక్కగదిలోకి పంపి తలుపు వేశారు, దిండు కూడా చేతికిచ్చి. జాడీలు మా అబ్బాయి ఎత్తి పెట్టాడు.

మూడో వారంలో ఒకరోజు ఎర్రగా కనిపించింది, కుట్లు కరగడం అని మీరు ముందే చెప్పారు కాబట్టి నిద్రపోగలిగాను, పొద్దున్నకి ఆగిపోయింది. పొద్దున్నే ఆరు లోపు మా వీధిలోనే అరగంట నడుస్తున్నాను, ఏడు దాటితే ఎండకి లేవలేం. సాయంత్రం అయ్యేసరికి ఇప్పటికీ నీరసం వస్తోంది, చెప్పకుండా కమ్మేస్తుంది, ఎక్కడున్నదాన్ని అక్కడే పడుకుంటాను.


పున్నాగ_బెజవాడ
జూన్ 9, సాయంత్రం 5:30

ఆరు వారాల చెకప్ అయింది. లోపల చూసి కుట్టు పూర్తిగా మానిందన్నారు. స్కూటీ నడపొచ్చన్నారు, ముందు ట్రాఫిక్ ఎక్కువుండే బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళకుండా మా వీధుల్లోనే చూసుకుంటాను, సడన్ బ్రేక్ వేస్తే నొప్పి ఉండకూడదట. బరువులు ఇంకో నెల మెల్లమెల్లగా పెంచాలి. హిమోగ్లోబిన్ 10.8 వచ్చింది.

బయాప్సీ రిపోర్టు గురించి ఎవరూ అడగలేదు ఇక్కడ, అది రాస్తాను. తీసిన గర్భసంచిని పరీక్షకి పంపిస్తారు, వారం పది రోజుల్లో రిపోర్టు వస్తుంది. మా వాళ్ళు తెచ్చుకోవడం మర్చిపోయారు, నేను గుర్తు చేస్తే ఇవాళ ఇచ్చారు. గడ్డలు మామూలువే, క్యాన్సర్ లేదు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నాక గానీ నేను ఇన్నాళ్ళూ దాని గురించే భయపడుతున్నానని నాకు తెలియలేదు. అందరూ అడిగి తెచ్చుకుని ఫైల్లో పెట్టుకోండి.

మంగళగిరి చెల్లీ, నీ సంగతి ఏమైంది?


మంగళగిరి_34
జూన్ 9, రాత్రి 8:15

వేరే డాక్టర్‌కి చూపించాను అక్కా. థైరాయిడ్ ఉందని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు, బ్లీడింగ్‌కి కూడా మందులు ఇచ్చారు, మూడు నెలలు చూద్దామన్నారు. ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దన్నారు.


కొరిటెపాడు_అన్న
జూన్ 10, రాత్రి 9:40

నిన్న ఇంటికి తీసుకొచ్చాం. దారంతా దిండు ఆవిడ చేతిలోనే ఉంది, డ్రైవర్‌ని ఇరవైలో నడపమన్నాను. ఈ మధ్యాహ్నం భుజం నొప్పి అని ఏడ్చింది. గ్యాస్ అని చెప్పాను, ఛాతీ పట్టేయడం, ఆయాసం ఉన్నాయా అని అడిగాను, లేవంది. వేడి నీళ్ళ సంచి పెట్టి హాల్లో నడిపిస్తున్నాను. పెసరపప్పు చారు పెట్టాను, ఉప్పు ఎక్కువైంది, తాగింది.

యార్డుకి పది రోజులు వెళ్ళట్లేదు.